పాత సున్నం గోడకి సిమెంటు పూయకండి

విజయనగరంలో మా తాతగారి ఇంటికి 2014లో హుద్‌హుద్ తుఫాను పోయాక, గార రాలిన చోటల్లా సిమెంటు కొట్టించేశాం. రెండు వానాకాలాలు గడిచేసరికి మోకాలెత్తు దాకా చెమ్మెక్కి, తెల్లగా ఉప్పు పొంగి, సిమెంటు పెళ్ళలుగా ఊడొచ్చింది, వెనకాల ఇటుకని గోటితో గీకితే పొడి రాలింది. ఎంత బాధేసిందో!

సున్నం గోడ నేలలోంచి పీల్చిన చెమ్మని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే, నీళ్ళు లోపలే ఉండిపోయి ఇటుకని తినేస్తాయి.

అందుకే గోడ ముట్టుకునే ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోండి. ఒక పెద్ద వానలో గొడుగేసుకుని ఇల్లంతా తిరిగి చూడండి, పగిలిన పెంకు, పూడిన తూము, గోడవైపు వాలిన వాకిలి అన్నీ అప్పుడే బయటపడతాయి. గోడలో రావి మొక్క మొలిస్తే లాగొద్దు, ఇటుకలు కూడా వచ్చేస్తాయి. కోసేసి, వేరు చచ్చి ఎండాక తీసి, సందుని సున్నంతో నింపండి.

ఇక సున్నం. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో వేస్తే కుతకుతా ఉడుకుతుంది, కళ్ళు జాగ్రత్త. రెండు మూడు వారాలైనా నాననిచ్చి, వెన్నలా అయ్యాక ఒక వంతుకి మూడు వంతుల ఇసుక కలపండి. తడి తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి ఇటుక పొడి వేస్తే గట్టిపడుతుంది. పాతకాలంలో గానుగలో ఆడించిన డంగు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా పోసేవారు. పలచగా పొరమీద పొర వేసి, తడి గోనెపట్టా కప్పి ఉంచండి, ఎండలో గబగబా ఆరితే బీటలే.

అసలు టెన్షన్ మేస్త్రీతోనే. "సున్నం ఎవరు వాడుతున్నారండీ, సిమెంటైతే రెండ్రోజుల్లో అయిపోద్ది" అంటారు. పాత గుళ్ళకి పనిచేసిన పెద్ద మేస్త్రీ ఉన్నారేమో అడగండి, ముందు రెండడుగుల గోడ చేయించి చూడండి.

దూలాలు గోడలోకి దిగిన కొసలోనే కుళ్ళుతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మెత్తగా దిగితే ఆ ముక్క మాత్రమే కోసి కొత్త టేకు అతికించొచ్చు, మొత్తం దూలం పీకక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం గుడిలాంటి, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా ఇల్లుంటే రిపేరుకైనా ముందే అనుమతి తీసుకోవాలి.

చివర్లో ప్లాస్టిక్ పెయింట్ వేశారంటే మళ్ళీ గోడకి ఊపిరాడదు. వెల్లే వేయించండి, పలచగా మూడు పూతలు.