స్టీలు ఫ్రేములో విస్కస్ డ్యాంపర్: లెక్క నుంచి బిగింపు దాకా

డ్యాంపర్ లేని స్టీలు ఫ్రేము భూకంప శక్తిని ప్రధానంగా బీముల చివర్లు వంగి పాడవడం ద్వారా మింగుతుంది. 1994లో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఆ చివర్లు వంగకముందే చాలాచోట్ల వెల్డింగులు పగిలాయి. విస్కస్ డ్యాంపర్ అంటే నూనె నిండిన సిలిండర్‌లో పిస్టన్ కదిలే పరికరం. అందులోని సిలికాన్ నూనె ఆ భారంలో చాలావరకు తీసుకుంటుంది. పిస్టన్ కదిలితేనే సుమా!

ముందు ఆ కదలిక ఎంతో తేల్చాలి. అంతస్తు ఎత్తు 3.5 మీటర్లు, కాలమ్‌ల మధ్య 6 మీటర్లు అనుకుందాం. అంతస్తు 1 శాతం, అంటే 35 మి.మీ. పక్కకు జరిగితే ఏటవాలు బ్రేసులోని (కాలమ్‌ల మధ్య మూలగా బిగించే కడ్డీలోని) డ్యాంపర్‌కు దక్కేది 30 మి.మీ. భవనం ఒకసారి అటూ ఇటూ ఊగే కాలం 1.5 సెకన్లయితే గరిష్ఠ వేగం సెకనుకు దాదాపు 127 మి.మీ. వేగంతో డ్యాంపర్ బలం ఎలా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం 0.4 తీసుకుంటే, అనుకున్నదానికన్నా వేగం 30 శాతం పెరిగినా బలం 11 శాతమే పెరుగుతుంది. ఘాతాంకం 1 అయితే బలమూ 30 శాతం పెరిగి గసెట్ ప్లేట్ల (బ్రేసును ఫ్రేముకు కలిపే ప్లేట్ల) మీద, కాలమ్‌ల మీద, పునాది మీద పడుతుంది. అందుకే 0.3–0.5 మధ్య ఎంచుకోవడం మేలు.

ఒక్కో అంతస్తులో, ఒక్కో దిశలో కనీసం నాలుగు డ్యాంపర్లు పెట్టండి, దృఢత్వ కేంద్రానికి (పక్కకు జరగకుండా అడ్డుకునే బలం కేంద్రీకృతమైన బిందువుకు) అటు రెండు, ఇటు రెండు. అంతకన్నా తగ్గితే అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7 ప్రకారం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ భూకంపంలో డ్యాంపర్‌కు వచ్చే కదలికలో 130 శాతం తట్టుకునేవి కావాలి.

సైట్‌లో గసెట్ వెల్డింగ్ అంతా అయ్యాకే, స్లాబుల బరువు ఫ్రేము మీద పడ్డాకే డ్యాంపర్ ఎక్కించండి. డ్యాంపర్‌ను రెండు చివర్లా బిగించే పిన్నుల మధ్య దూరం కొలిచి, పిస్టన్ మధ్యలో ఉండేలా బ్రేసు పొడవు సరిచేయాలి. తర్వాత పక్కన వెల్డింగ్ తప్పకపోతే ఎర్త్ క్లాంపు ఆ పని జరిగే ముక్కకే తగిలించండి, కరెంటు డ్యాంపర్ గుండా పోతే లోపలి సీళ్లు, బేరింగులు చెడతాయి. పిస్టన్ రాడ్డు మీద పెయింటు గానీ ఫైర్‌ప్రూఫింగ్ గానీ పడకూడదు.

రెండు చివర్ల పిన్ను రంధ్రాల్లోనూ అటూ ఇటూ 1 మి.మీ. చొప్పున వదులుంటే పెద్ద కుదుపులో తెలియదు. 3 మి.మీ. కదిలే చిన్న ప్రకంపనలో మాత్రం మిగిలేది ఒక్క మిల్లీమీటరే. బ్రేసు పైపు సన్నదైతే కదలికను అదే సాగి మింగేస్తుంది.

మన దగ్గర అసలు గండం ఇటుక గోడ. కాలమ్‌ల మధ్య బిగించి కడితే ఫ్రేము జరగదు, డ్యాంపర్ ఖర్చంతా వృథా. పై లెక్కకు కాలమ్ పక్కన కనీసం 35 మి.మీ. సందు వదిలి మెత్తని ఫిల్లరు నింపండి. గోడ బయటికి పడకుండా పైన క్లిప్పులు పెట్టండి.

ఏడాదికోసారి సీలు దగ్గర నూనె తడి, పిన్ను లాకులు చూడాలి. భూకంపం వచ్చాక పిన్నుల మధ్య దూరం మళ్లీ కొలవండి. మారితే ఫ్రేము వంగి అలాగే ఉండిపోయిందని అనుమానించాలి. ఈ రకం డ్యాంపర్ దాన్ని వెనక్కి లాగదు.