మసాయి మారాకు పాతకాలపు సఫారీ సామానుతో వెళ్తున్నారా? సర్దే ముందు ఇవి చూసుకోండి

జూలై నుంచి అక్టోబర్ దాకా కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో విల్డబీస్ట్ (జింక జాతి పెద్ద జంతువు) మందలు కనిపించే కాలం. కాన్వాసు, తోలు, ఖాకీ సర్దేవారికి:

– దంతపు పిడి ఉన్న చేతికర్ర, కత్తి, బ్రష్ వద్దు. తాతల నాటిదైనా సరే, అనుమతి లేని ఏనుగు దంతం దగ్గరుంటే కెన్యాలో పెద్ద నేరం. వస్తువు పోవడంతో ఆగదు, జైలు దాకా వెళ్తుంది.

– ట్రంకుపెట్టె ఇంట్లోనే ఉంచండి. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకు వెళ్లే చిన్న విమానాల్లో చేతిసంచితో కలిపి సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. సామాను అర ఇరుకు, గట్టి పెట్టె పట్టదు. మందపాటి కాన్వాసు సంచి ఖాళీగానే బరువు. ముందు దాన్నే తూచండి.

– మైనపు కాన్వాసుకు వారం ముందే మైనం పట్టించండి. నీరు దిగేది కుట్ల దగ్గర, మడతల దగ్గర, కాబట్టి అక్కడ బాగా రుద్ది హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. తెల్లటి పొర మిగిలితే మైనం ఇంకలేదని అర్థం, దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. సబ్బు, వాషింగ్ మెషీన్ అస్సలు వద్దు, మైనం పోతుంది.

– జీలుగు బెండు టోపీకి గడ్డం పట్టీ గట్టిగా ఉందా? జీపు పైకప్పు తెరిస్తే గాలికి ఎగిరిపోతుంది. వానలో తడిస్తే బెండు మెత్తబడి ఆకారం పోతుంది.

– కొత్త తోలు బూట్లు రెండు వారాల ముందు నుంచే, అక్కడ వేసుకునే మేజోళ్లతోనే తొడగండి.

– ముదురు నీలం, నలుపు బట్టలు మానండి. రక్తం పీల్చే సెట్సీ ఈగలు వాటికే వస్తాయి.

– బట్టలు పాలిథిన్ కవర్లలో చుట్టొద్దు. 2017 నుంచి కెన్యాలో నిషేధం. గుడ్డ సంచులు చాలు.