చేను, చెరువు, అడవి అంచు: రాత్రి వెలుతురును అదుపులో పెట్టుకునే తీరు

పొద్దుగూకిన తర్వాత మీ ఇంటి ముందరి దీపాన్ని, వ్యవసాయ బావి దగ్గరి దీపాన్ని కొంత దూరం నుంచి చూడండి. వెలిగిన నేల కంటే ముందుగా బల్బే కళ్లకు కొడుతుంటే, ఆ వెలుతురు పక్క చేలలోకీ చెట్లలోకీ వృథాగా పోతున్నదని అర్థం. దీపాన్ని నేలవైపు వంచి, పైనా పక్కలా రేకు మూత బిగిస్తే తక్కువ వాట్ల బల్బే సరిపోతుంది. కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద 6500 కె (వెలుగు రంగును తెలిపే కెల్విన్ అంకె) అని ఉన్న తెల్లని ఎల్‌ఈడీని కాక, 3000 కె లేదా అంతకు తక్కువ ఉన్న పసుపు వెలుగును ఎంచుకోవాలి. రాత్రి పురుగులను ఎక్కువగా లాగేది తెల్లని వెలుగులోని నీలి కాంతే.

ఇది పంటకు సంబంధించిన విషయం కూడా. స్విట్జర్లాండ్‌లో జరిగి 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, దీపాలు పెట్టిన పచ్చికబయళ్లలో పుప్పొడిని మోసే రాత్రి పురుగులు పూలపై వాలడం 62 శాతం తగ్గింది. అక్కడ పరిశీలించిన మొక్కకు పగటి పురుగులు వచ్చినప్పటికీ కాయలు 13 శాతం తక్కువగా కాశాయి. మన ములుగు జిల్లా ఏటూరునాగారం అడవుల్లోని ఇప్పపూలకు రాత్రిపూట వచ్చేది గబ్బిలాలు. కాబట్టి అడవి అంచు ఊళ్లలో, ముఖ్యంగా ఎండాకాలపు పూత వేళ, ఇప్పచెట్ల వైపు ఫ్లడ్‌లైటు తిప్పకూడదు.

వరి, పత్తి రైతులు పెట్టే దీపపు ఎర సంగతి వేరు. అది పురుగులను పట్టి చంపుతుంది. ఎర లేకుండా తెల్లవార్లూ వెలిగే బల్బు మాత్రం వరి రసం పీల్చే సుడిదోమ వంటి వాటిని చేనిలోకే పిలుస్తుంది. ఎరనైనా రాత్రి పది తర్వాత ఆర్పివేయడం మంచిది, ఎందుకంటే దానిలో మేలుచేసే పురుగులు కూడా పడతాయి.

చెరువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. పగలు లోతున దాగి, చీకటి పడ్డాక పైకి వచ్చి నాచును మేసే అతి చిన్న నీటి జీవులు నీటిపై వెలుతురు పడితే పైకి రావడం తగ్గిస్తాయి. అప్పుడు నాచు పెరగడానికి అవకాశం కలుగుతుంది. వరంగల్ నగరంలోని భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు వంటి వాటి గట్లపై దీపాలు నడిచే దారికే పరిమితం కావాలి. మీ ఊరి చెరువు గట్టుపై కొత్త దీపాలు మంజూరైతే, స్తంభాలు నాటకముందే పంచాయతీకి రాతపూర్వకంగా మూడు కోరండి: నీటివైపు మూత, పసుపు బల్బు, జనసంచారం ఆగిన తర్వాత ఆర్పే టైమరు. దొంగల భయమున్న చోట కదలికను పసిగట్టి వెలిగే సెన్సారు దీపం అడగవచ్చు.