పింటరెస్ట్ తెరిచే ముందు ఎక్కడెక్కడ చూడాలి

క్లయింటు నుంచి బ్రీఫ్, అంటే ఏం కావాలో చెప్పే వివరం, రాగానే మన డిజైనర్లలో చాలామంది ముందు చేసే పని పింటరెస్ట్, బిహాన్స్ లాంటి డిజైన్లు దొరికే సైట్లలో వెతకడం. పచ్చళ్ల లేబుల్ కోసం వెతికారనుకోండి, గాజు సీసా, గోధుమరంగు కాగితం, సన్నటి ఇంగ్లిష్ అక్షరాలు, అటొక ఆకు ఇటొక ఆకు. పక్క ఆఫీసు డిజైనరుకీ అవే వస్తాయి, కాబట్టి మీ ఇద్దరి లేబుళ్లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆ సైట్లు మానేయమని నేను చెప్పను, ఐడియా ఒక దారికొచ్చాక చూడండి చాలు.

ముందు ఒక కాగితం తీసుకుని, ఆ వస్తువు చుట్టూ తిరిగే మాటలు తెలుగులోనే రాయండి. ఆవకాయ అయితే జాడీ, వాసెన, టెంక, ఆవపిండి, పైకి తేలిన నూనె. ఇప్పుడు నిజంగా ఒక జాడీ తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. పైన ముదురు గోధుమరంగు, కింద మీగడ రంగు, మూతికి వాసెన కట్టిన తెల్లగుడ్డ, తాడు బిగించిన చోట పడ్డ కుచ్చులు. లేబుల్ లేఅవుట్ అందులోనే ఉంది. పై మూడో వంతు ముదురు రంగు నింపి అందులో పేరు పెట్టండి, కింద భాగం దాదాపు ఖాళీగా వదిలేయండి. జాడీ బొమ్మ ఎక్కడా గీయక్కర్లేదు, అయినా తెలుగింట్లో పెరిగినవాళ్లకి ఆ రంగులు చూడగానే విషయం అర్థమైపోతుంది.

చేనేత, చిత్రకళల దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఇంతే, బొమ్మ కన్నా అది తయారయ్యే పద్ధతి మీద కన్నేయండి. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులద్దుతారు. నేసేటప్పుడు ఆ దారాలు రవ్వంత అటూ ఇటూ జరుగుతాయి, అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. చీర ఫొటో తెచ్చి బ్యాక్‌గ్రౌండ్‌లో అతికిస్తే పెద్ద ఉపయోగం లేదు. మీ ఐకాన్లను గళ్ల కాగితం మీద మెట్లు మెట్లుగా గీసి, ఒక్కో వరుసనీ కొంచెం పక్కకి జరిపి చూడండి, అప్పుడు అందులో ఇక్కత్ ఉంటుంది. చేర్యాల నకాషీ పటాలూ అంతే. పొడవాటి గుడ్డ, ఎర్రటి నేపథ్యం, కథ చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ పోతుంటే ఒక్కో ఘట్టం బయటికొస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పది స్లయిడ్ల పోస్టు చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

లేపాక్షి వెళ్తే ఫోన్ జేబులో పెట్టేయండి. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో లతా మండపం స్తంభాల మీద ఎన్నో రకాల డిజైన్లున్నాయి, చీరల అంచులకు వాటిని ఇప్పటికీ వాడుకుంటున్నారు. ఒక్క స్తంభం దగ్గర కూర్చుని పెన్సిల్‌తో గీయండి. ఫొటోలో మొత్తం ఒకేసారి కనిపించి కన్ను జారిపోతుంది. గీస్తుంటేనే ఏ ముక్క మళ్లీ మళ్లీ వస్తోందో, రెండు ముక్కలు ఎక్కడ అతుక్కున్నాయో చేతికి తెలుస్తుంది.

అక్షరాల కోసమైతే చేత్తో రాసిన షాపు బోర్డులు, లారీల వెనక రాతలు చూడండి. తెలుగు వత్తులు గీత కిందికి దిగుతాయి, ‘రాష్ట్రం’ లాంటి మాటలో రెండు వత్తులు పడతాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ స్పేసింగే తెలుగుకీ పెడితే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. బోర్డు రాసే ఆయన వత్తుని ఎలా కుదించాడో, ఎక్కడ పక్కకి జరిపాడో చూస్తే టైపోగ్రఫీ ట్యుటోరియళ్లలో దొరకనిది దొరుకుతుంది. ఊరు కదల్లేని రోజుల్లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఉండనే ఉంది, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి, అట్టలూ శీర్షికల అక్షరాలూ తిరగేయండి.

సేకరించినవి ఫోన్‌లో దాచేటప్పుడు ‘చీరలు’, ‘గుళ్లు’ అని ఫోల్డర్లు పెట్టకండి. ‘అంచులు’, ‘రంగుల జతలు’, ‘ఖాళీ వదిలిన తీరు’ అని పెట్టండి, పని మధ్యలో మీరు వెతికేది ఆ పేర్లతోనే.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. కాళహస్తి కలంకారీ కళాకారుడు గీసిన బొమ్మ ఉన్నదున్నట్టు మీ ప్యాకెట్ మీదికి రావాలంటే, ఆయన్ని అడిగి, డబ్బిచ్చి, పేరు వేయండి. క్లయింటుకిచ్చే కొటేషన్‌లోనే ఆ ఖర్చు ఒక లైనుగా చూపించండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.