తోటలో తొలి నమూనా రైలు మార్గం వేయడం

ఆరుబయట నడిచే నమూనా రైళ్లకు 45 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. తొలిసారి వేసేవారికి నా సలహా కూడా అదే. మొదట మార్గాన్ని తాడుతో నేల మీద గుర్తించి, వంపుల వ్యాసార్ధాన్ని స్థలం ఉన్నంత మేర పెంచుకోవాలి. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపు పట్టాలు దొరికినా, పొడవైన ఇంజన్లు వాటిపై ఇబ్బంది పడతాయి.

అసలు శ్రమంతా పునాదిలోనే ఉంది. గుర్తించిన దారి వెంట 10 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలుపు మొలవకుండా నీరు ఇంకే గుడ్డ పరచి, సన్న కంకర నింపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి రసమట్టంతో సరిచూసుకుంటే వాన నీరు నిలవదు, పట్టాలు కుంగవు. గుండ్రని గులకరాళ్లు జారిపోతాయి కనుక వాటిని వాడకూడదు. వాలు 100 సెంటీమీటర్లకు 2 సెంటీమీటర్లు మించకపోవడం మంచిది.

ఇత్తడి పట్టాలు ఎండకు సాగుతాయి కాబట్టి వాటిని కదలకుండా బిగించక, కంకరలో వదులుగా కూర్చోనివ్వాలి. బ్యాటరీ ఇంజన్ ఎంచుకుంటే పట్టాల ద్వారా ఇంజన్‌కు విద్యుత్తు అందేందుకు వాటిని తరచూ తుడిచే పని తప్పుతుంది.