తుఫాను డ్యూటీకి హామ్ రేడియో సెట్‌తో బయల్దేరే ముందు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి చోటికి హామ్ రేడియో (సెల్ టవర్లు లేకున్నా మాట్లాడుకోగలిగే, లైసెన్సున్న ఔత్సాహికుల రేడియో) సెట్ పట్టుకుని వెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

- లైసెన్స్ కాపీ జేబులో ఉండాలి. పరీక్ష పాసై, కాల్‌సైన్ (రేడియోలో మిమ్మల్ని గుర్తించే అక్షరాలు, అంకెల గుర్తు) వచ్చాకే మైక్ పట్టుకోవాలి.

- బ్యాటరీ ముందురోజే ఫుల్ ఛార్జ్ చేయండి. రెండు ఫ్యూజులు అదనంగా.

- యాంటెన్నా కట్టేముందు తలెత్తి పైకి చూడండి. దగ్గర్లో కరెంటు తీగ ఉంటే, సప్లై లేదని ఎవరు చెప్పినా నమ్మకండి, వేరే చోటు వెతుక్కోండి. ఎవరింట్లోనో జనరేటర్ వేస్తే ఆ తీగలోకి కరెంటు రావచ్చు. కనెక్టర్‌కి టేపు గట్టిగా చుట్టండి, నీళ్లు దిగితే సిగ్నల్ అంతే సంగతులు. యాంటెన్నా బిగించకుండా మాట్లాడే బటన్ నొక్కితే సెట్ కాలిపోవచ్చు. తొందరలో అందరం చేసే తప్పే ఇది! ఉరుము వినిపిస్తే కేబుల్ పీకేయండి.

- నోట్‌బుక్, పెన్సిల్ (పెన్ను తడిస్తే రాయదు). "పాలపొడి 40 ప్యాకెట్లు" అని సందేశం వస్తే అదే రాసి, తిరిగి చదివి వినిపించండి. "ఓ నలభై దాకా" అని మార్చొద్దు. మన మాటలు ఎవరైనా వినొచ్చు, కాబట్టి చనిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చెప్పకండి.

- మీ మందులు, టార్చి, మంచినీళ్లు.