రాయితీ లెక్క – మూడో పాఠం: బస్తాను గింజల్లో కొలవడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. 23-21-0 (వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) అని ముద్రించిన 50 కిలోల కాంప్లెక్స్ ఎరువు బస్తా ఒకటి, 50 కిలోల యూరియా బస్తా ఒకటి. రెండూ కలిపి ఎన్ని కిలోల పోషకాలు ఇస్తాయి? మొదటి బస్తాలో నత్రజని 11.5 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అందులో 23 కిలోలు. మొత్తం 34.5 కిలోలు. భాస్వరం 10.5 కిలోలు అని రాసినవారి జవాబు సరైనదే. అయితే బస్తా మీద ఉండే భాస్వరం అంకె దాని ఆక్సైడ్ రూపానిదని గుర్తుంచుకోండి. అసలు మూలకం ఎంతో తెలియాలంటే 0.44తో గుణించాలి, అప్పుడు సుమారు 4.6 కిలోలు వస్తుంది. ఎరువుల సిఫారసులు ఎక్కువగా ఆక్సైడ్ రూపంలోనే ఉంటాయి కనుక పోల్చేటప్పుడు 10.5నే వాడదాం.

ఈ రెండు బస్తాలను ఊరికే ఎంచుకోలేదు. ఆఫ్రికాలోని మలావీలో 2004-05 సీజన్‌లో వానలు దెబ్బతీశాయి, మొక్కజొన్న పంట పోయింది. మరుసటి సీజన్ నుంచి అక్కడి ప్రభుత్వం చిన్న రైతులకు కూపన్లు ఇచ్చి, దుక్కిలో వేసేందుకు ఒక కాంప్లెక్స్ బస్తా, పైపాటుగా వేసేందుకు ఒక యూరియా బస్తా, వాటితోపాటు మేలురకం విత్తనం తక్కువ ధరకు అందించే పథకం మొదలుపెట్టింది. చిన్న రైతుల రాయితీల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఈ పథకం ప్రస్తావన వస్తుంది. కాబట్టి మన లెక్కలకూ దాన్నే ఆధారం చేసుకుందాం.

పథకం ప్రకటనలో మొదట కనిపించేది శాతం. సగం రాయితీ, ముప్పావు రాయితీ అంటారు. ఆ అంకె ఖజానా ఎంత మోస్తోందో చెబుతుంది. రైతు ఇంటికి అదనంగా ఎంత పంట వస్తుందో అందులో ఉండదు. డబ్బులో లెక్క వేసినా చిక్కే: ఏటా ధరలు మారతాయి, ఒక దేశపు కరెన్సీని మరో దేశపు కరెన్సీతో పోల్చడం కష్టం. అందుకే ఈ పాఠంలో ప్రతి ఖర్చునూ ప్రతి రాబడినీ కిలోల గింజల్లోకి మారుస్తాం. చిన్న రైతు నిజంగా వేసుకునే లెక్క కూడా అదే. ఈ బస్తా కొనాలంటే ఎన్ని కిలోల పంట అమ్మాలి, వేస్తే ఎన్ని కిలోలు అదనంగా వస్తాయి?

మొదటి అంచె: ఎంత నేలకు?

34.5 కిలోల నత్రజనిని 0.4 హెక్టారులో వేస్తే హెక్టారుకు 86 కిలోల మోతాదు అవుతుంది. మొక్కజొన్నకు అది గట్టి మోతాదే. అదే ఎరువును హెక్టారంతా పరిస్తే 34.5 కిలోలే. పథకం రాసినవారి మనసులో మొదటి లెక్క ఉంటుంది, కరువు దాటిన రైతు చేతిలో రెండోది జరుగుతుంది. కూపన్ అందని తోబుట్టువుతో బస్తా పంచుకుంటే మోతాదు ఇంకా పలచబడుతుంది. దీన్ని తప్పుగా చూడకండి. తక్కువ మోతాదులో వేసిన ప్రతి కిలో నత్రజనికి తరచుగా ఎక్కువ గింజే వస్తుంది, మోతాదు పెరిగే కొద్దీ కిలోకు వచ్చే ఫలితం తగ్గుతుంది. పంచుకున్న రైతు తెలివితక్కువవాడు కాడు.

విత్తనానికీ ఇదే పరీక్ష పెట్టండి. మొక్కజొన్నకు హెక్టారుకు సుమారు 25 కిలోల విత్తనం కావాలి. పథకం 5 కిలోల హైబ్రిడ్ సంచి ఇచ్చి, ఎరువు మాత్రం 0.4 హెక్టారుకు సరిపడా ఇస్తే విత్తనం 0.2 హెక్టారుకే సరిపోతుంది. మిగతా సగంలో రైతు ఇంట్లో దాచిన గింజే వేస్తాడు. అది హైబ్రిడ్ పంట నుంచి తీసి దాచిన గింజ అయితే మరుసటి తరంలో దిగుబడి పడిపోతుంది. స్వేచ్ఛగా పరపరాగ సంపర్కం జరిగే రకాలైతే జాగ్రత్తగా ఎంచి కొన్ని సీజన్లు దాచుకోవచ్చు. పథకంలో విత్తనం సంచి ఎంత, ఎరువు ఎంత అన్నవి పక్కపక్కన రాసి, రెండూ ఒకే విస్తీర్ణానికి సరిపోతాయో లేదో చూడండి. చాలామంది ఈ ఒక్క పని చేయరు.

రెండో అంచె: కిలో నత్రజనికి ఎన్ని కిలోల గింజ?

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. నెమ్మదిగా చదవండి.

ఒకే పొలంలో రెండు మడులు తీసుకోండి. ఒకదానిలో నత్రజని వేయలేదు, హెక్టారుకు 1,200 కిలోల మొక్కజొన్న వచ్చింది. రెండోదానిలో 60 కిలోల నత్రజని వేశారు, 2,100 కిలోలు వచ్చాయి. అదనంగా వచ్చింది 900 కిలోలు. 900ని 60తో భాగిస్తే 15. కిలో నత్రజనికి 15 కిలోల గింజ. దీన్ని మనం ‘స్పందన’ అందాం.

చాలా నివేదికల్లో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. 2,100ని నేరుగా 60తో భాగించి 35 అని రాస్తారు. ఎరువు వేయకపోయినా నేల ఇచ్చే 1,200 కిలోలను కూడా బస్తా ఖాతాలో వేసేస్తారు. పథకం గొప్పగా కనిపిస్తుంది. ‘ఎరువు వేయని మడి దిగుబడి ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు లేని నివేదికను నమ్మి ముందుకు వెళ్లవద్దు.

తృణధాన్యాల్లో స్పందన మామూలుగా 10 నుంచి 30 మధ్య ఉంటుంది. పరిశోధనా కేంద్రాల మడుల్లో పైఅంచుకు దగ్గరగా వస్తుంది. ఏళ్ల తరబడి సేంద్రియ పదార్థం అందక అలసిన చిన్న కమతాల్లో 10 కన్నా దిగువకూ జారుతుంది. కారణాలు అనేకం. నేల ఆమ్లగుణం ఎక్కువై ఉదజని సూచిక (pH) 5.5 కన్నా తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. అక్కడ ముందు సున్నం వేయకుండా యూరియా చల్లడం దండగ. జింకు లేదా గంధకం కొరత ఉంటే నత్రజని ఎంత ఉన్నా పైరు అందుకోలేదు. కలుపు తీయడం ఆలస్యమైతే ఎరువు కలుపుకు చేరుతుంది. కూలికి పోతే తప్ప పూట గడవని కుటుంబం తన పొలంలో కలుపును సరైన వారంలో తీసుకోలేదు. ఆ బాధ తెలియనివారు రాసే పథకాల్లో కలుపు ప్రస్తావనే ఉండదు.

వాన సంగతి వేరుగా చెప్పాలి. మలావీ పథకం మొదలైంది కరువు సీజన్ తర్వాత. తొలి సీజన్లలో వానలు బాగా కురిశాయి. 2007లో ఆ దేశం అదే ప్రాంతంలోని జింబాబ్వేకు మొక్కజొన్న ఎగుమతి కూడా చేసింది. ఆ పెరుగుదలలో బస్తాల వాటా ఎంత, వానల వాటా ఎంత? కరువు ఏడాదిని ఆ తర్వాతి మంచి ఏడాదితో పోలిస్తే ఈ ప్రశ్నకు జవాబు రాదు. అదే సీజన్‌లో, అదే ఊళ్లో, ఎరువు వేసిన మడినీ వేయని మడినీ పోల్చాలి. పథకం వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు, జరిగింది. ఎంత జరిగిందో తేల్చే పద్ధతి మాత్రం ఇది.

మూడో అంచె: కిలో నత్రజని ఖరీదు గింజల్లో

ఒక యూరియా బస్తా పూర్తి ధర 161 కిలోల మొక్కజొన్న ధరకు సమానం అనుకుందాం. అందులో నత్రజని 23 కిలోలు. అంటే కిలో నత్రజనికి 7 కిలోల గింజ. రాయితీ తర్వాత రైతు కట్టేది 69 కిలోల గింజ విలువ అయితే, అతనికి కిలో నత్రజని 3 కిలోల గింజకు పడుతుంది. మిగిలిన 4 ఖజానా కడుతుంది.

ఇప్పుడు స్పందనను ఖరీదుతో భాగించండి. స్పందన 15 ఉన్న నేలలో రాయితీ లేకుండా 15ను 7తో భాగిస్తే 2.1, రాయితీతో 5. స్పందన 8 ఉన్న నేలలో రాయితీ లేకుండా 1.1, రాయితీతో 2.7. ఈ నిష్పత్తి కనీసం 2 ఉంటేనే చిన్న రైతు ఎరువు కొనడానికి ముందుకొస్తాడని వ్యవసాయ ఆర్థికవేత్తలు చాలాకాలంగా ఒక అంచనా కొలతగా వాడుతున్నారు. వాన నమ్మకం లేని చోట 3 అయినా కావాలి. ఒక సీజన్ పోతే పెట్టుబడి మొత్తం అప్పుగా మిగిలే మనిషికి 1.1 అంటే లాభం కాదు, భయం.

పై నాలుగు అంకెలను మళ్లీ చూడండి. అలసిన నేల ఉన్న రైతుకు రాయితీ వల్ల 2.7 వచ్చింది కాబట్టి అతను సంతోషంగా వేస్తాడు. దేశం మాత్రం 7 కిలోల విలువ పెట్టి 8 కిలోలు పొందింది. రవాణా, పంపిణీ ఖర్చులు కలిపితే అదీ మిగలదు. అందుకే ప్రతి పథకానికీ రెండు నిష్పత్తులు రాయాలి: రైతు కట్టిన ధరతో ఒకటి, పూర్తి ధరతో ఒకటి. మొదటిది బాగుండి రెండోది 1 దగ్గర ఆడుతుంటే, ఆ డబ్బులో కొంత సున్నానికో, పశువుల ఎరువుకో, పప్పుజాతి పంటల విత్తనానికో మళ్లించి ముందు స్పందనను పెంచమని అడగాలి. నా అభిప్రాయంలో రాయితీల మీద జరగాల్సిన అసలు వాదన ఇదే. ఇవ్వాలా వద్దా అన్న గొడవలోనే కాలం గడిచిపోతోంది.

ఇంతకీ ఏ గింజ ధర వాడాలి? కోతలప్పుడు ధర తక్కువ, కొట్లు ఖాళీ అయ్యే నెలల్లో ఎక్కువ. పంట అమ్ముకునే కుటుంబానికి కోతల నాటి ధర వాడండి. చిన్న రైతుల్లో చాలామంది ఏడాదిలో కొన్ని నెలలు తిండిగింజలు కొనుక్కునేవారే. వారికి అదనంగా పండిన ప్రతి కిలో ఆ కరువు నెలల్లో కొనకుండా తప్పించుకున్న కిలో, కాబట్టి వారికి అప్పటి ధరే సరైనది. ధర మార్చగానే నిష్పత్తి ఎంత మారుతుందో మీరే చూస్తారు. పేద కుటుంబానికి ఒక బస్తా ఎందుకు అంత విలువైనదో అప్పుడు అర్థమవుతుంది. రైతు వైపు ఖర్చులో బస్తా మోసిన కూలి, కూపన్ కోసం నిలబడ్డ రోజుల కూలి కూడా గింజల్లోకి మార్చి కలపండి.

ఒక పోషకం మాత్రమే చవకైతే జరిగే నష్టం కూడా ఇక్కడే కనిపిస్తుంది. భారతదేశంలో 2010లో పోషకాల ఆధారంగా రాయితీ ఇచ్చే విధానం వచ్చినప్పుడు యూరియాను దాని బయట ఉంచారు. యూరియా చవకగా నిలిచింది, భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి. రైతులు నత్రజని వైపు మొగ్గారు. కిలో పోషకం ఖరీదును విడివిడిగా గింజల్లో రాస్తే ఈ మొగ్గు ముందే తెలిసిపోతుంది.

నాలుగో అంచె: కొత్త బస్తాలు ఎన్ని?

రాయితీ లేకపోయినా కొనేవారి చేతికి కూపన్ వెళితే పొలంలో ఎరువు పెరగదు, కొనే ధర తగ్గుతుందంతే. మలావీ మీద జరిగిన ఒక అధ్యయనంలో, రాయితీ ఎరువు ఒక కిలో ఇస్తే మార్కెట్లో కొనే ఎరువు 0.22 కిలో తగ్గినట్టు తేలింది. అంటే 100 కిలోల నత్రజని ఉన్న ఎరువు పంచితే నికరంగా పెరిగేది 78 కిలోల నత్రజని. స్పందన 15 చొప్పున 1,500 కిలోల గింజ అని ప్రకటించే చోట నిజంగా వచ్చేది 1,170. కాస్త ఆస్తి ఉన్న రైతుల్లో ఈ తగ్గుదల ఎక్కువగా, పేద కుటుంబాల్లో తక్కువగా ఉంటుంది. పేదలకు చేర్చమని అడగడం దయతో చేసే వాదన మాత్రమే కాదు, లెక్క కూడా అదే చెబుతోంది. టాంజానియా 2008 తర్వాత నడిపిన వోచర్ల పథకంలో గ్రామ కమిటీలు రైతులను ఎంపిక చేశాయి, వోచర్ సుమారు సగం ధర భరించింది, ఒక కుటుంబానికి మూడేళ్లే గడువు పెట్టారు. ఎంపిక ఎవరు చేయాలి, గడువు ఎంత ఉండాలి అన్నవి తర్వాతి పాఠంలో వివరంగా చూద్దాం.

ఐదో అంచె: ఎప్పుడు చేరింది?

పై లెక్కలన్నీ బస్తా సమయానికి చేరితేనే నిలుస్తాయి. దుక్కి ఎరువు విత్తే రోజుకు ఉండాలి. మొక్కజొన్నకు పైపాటు యూరియా సుమారు నాలుగైదు వారాల పైరుకు పడాలి. పూత దశలో చేరిన బస్తాకు స్పందన 15 అని రాయడం అబద్ధం. మలావీ, జాంబియా వంటి సముద్రతీరం లేని దేశాలకు ఎరువు పొరుగు దేశాల రేవుల మీదుగా రావాలి. టెండరు కొన్ని వారాలు జారితే ఆ ఆలస్యం నేరుగా పొలంలో తేలుతుంది. నైజీరియా 2012లో ఫోను ద్వారా వోచర్లు పంపే పద్ధతి తెచ్చి, పంపిణీని ప్రైవేటు డీలర్లకు అప్పగించింది. మధ్యలో దారి మళ్లడం తగ్గించడానికి అది మంచి ఆలోచన. అయితే ఫోనుకు సందేశం వచ్చిన రోజున డీలరు దగ్గర సరుకు లేకపోతే రైతుకు ఒరిగేది లేదు. పథకం కాగితం మీ చేతికి వచ్చినప్పుడు బడ్జెట్ పేజీకన్నా ముందు సరుకు చేరే తేదీల పేజీ తెరవండి.

అభ్యాసం

ఒక పథకం కుటుంబానికి 50 కిలోల డీఏపీ బస్తా (18-46-0) ఒకటి, 50 కిలోల యూరియా బస్తా ఒకటి, 10 కిలోల మొక్కజొన్న విత్తనం ఇస్తోంది. కుటుంబానికి 0.8 హెక్టారు ఉంది. ఎరువు వేయని మడిలో హెక్టారుకు 900 కిలోలు, 40 కిలోల నత్రజని వేసిన మడిలో 1,380 కిలోలు పండాయి. కిలో నత్రజని పూర్తి ఖరీదు కోతల నాటి ధరతో 8 కిలోల గింజ, కరువు నెలల ధరతో 5 కిలోల గింజ. రైతు అందులో సగం కడతాడు.

1. మొత్తం నత్రజని, భాస్వరం ఎంత? భూమి అంతటా వేస్తే హెక్టారుకు ఎంత పడుతుంది?

2. విత్తనం ఎంత నేలకు సరిపోతుంది?

3. స్పందన ఎంత? రెండు గింజ ధరలతో, రైతు ధరకూ పూర్తి ధరకూ కలిపి నాలుగు నిష్పత్తులు రాయండి.

4. పంచిన ప్రతి కిలోకు మార్కెట్ కొనుగోలు 0.22 కిలో తగ్గితే, ఇలాంటి వెయ్యి కుటుంబాలకు ఇచ్చిన నత్రజనిలో నికరంగా పెరిగింది ఎంత?

5. ఆ నేల ఉదజని సూచిక 5 అని తర్వాత తెలిసింది. పథకంలో ఏ వస్తువు తగ్గించి ఏది చేర్చమని రాస్తారు? మూడు వాక్యాల్లో, మీ అంకెలు చూపిస్తూ రాయండి.